జిరాక్స్ దుకాణం ముందటి బోర్డు

పొద్దుగాల్ల షట్టర్ ఎత్తంగనే
మిషన్ స్విచ్చి కంటె ముందు
నా చెయ్యి సుద్దముక్కను దేవులాడుతది.

ప్రకాశం బజారు మొగదల
మూడడుగుల నల్లబోర్డు.
ఏ బడి కూలగొడితె వచ్చిందో,
పాత ఇనుప సామాన్ల కాడ నూట ఇరవైకి కొన్న.
ఎడమ దిక్కు కింది మూలకు
ఎవ్వడో పిలగాడు మొలతోని గీకిండు:
ఏడెనిమిదుల యాభై నాలుగు.
తుడిస్తె పోదు. నేను గూడ దిద్దలే.

తేదీ రాస్త. వారం రాస్త.
తర్వాత నల్లగొండ వచ్చి వరుసల నిలబడుతది.

బొట్టుగూడల ఇయ్యాల నల్లా రాదు, పైపు పలిగింది.
రామగిరిల రక్తదానం, పది గంటలకు,
అరటిపండు బిస్కెట్ పుడ ఇస్తరు.
ఖుర్షీద్ బేగం గారి ఎర్రమేక తప్పిపోయింది,
కుడి చెవి చీలి ఉంటది.
ఇస్తారి మేస్త్రి పోయిండు, మూడింటికి లేపుతరు.

మేక పక్కపొంటే చావు.
ఎవ్వరు తప్పు వట్టలే,
బజారు గూడ గట్లనే ఉంటది గద.

ఆదివారం కవి సమ్మేళనం అని రాసిన ఒకపారి.
కవులు పదకొండు మంది,
వినెటోళ్లం నేను, మైకు పిలగాడు.
వాడు గూడ నడుమల చాయ్ కని పోయిండు.

లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సు దినాలల్ల
బోర్డు సాలక షట్టర్ మీద రాస్త:
మెట్ల కాడ దొరికిన పిల్ల, పచ్చ గౌను, పేరు చెప్తలేదు.
గంటకు తల్లి ఉరికొస్తది.
పిల్లను తీసుకపోయి
చెప్పు ఒకటి మర్శిపోతది.
మళ్ల రాస్త: చెప్పు ఒకటి, చిన్నది, ఎడమ కాలుది.

రాత్రి దుకాణం మూసేముందు
తడిబట్టతోని తుడుస్త.
బకిట్ల నీళ్లు పాలలెక్క అయితయి.
అవి దుకాణం ముందట అలుకు చల్లినట్టు చల్లుత.
ఇయ్యాల్టి ఊరు మీద రేపటి దుమ్ము లేవకుంట.

పోయిన ఎండకాలం ముచ్చట.
లైన్‌మన్ మట్టయ్య ఫోన్ జేసి చెప్పిండు:
రేపు తెల్లారగట్ల నాలుగింటికి
శివాజీనగర్‌కు నీళ్లిడుస్తరు.
పెద్దగ రాసిన. కింద గీత గూడ గీసిన.
నాలుగైంది. ఆరైంది.
నల్లాల గాలి బుస్సుమన్నది, గంతే.

ఏడింటికి నేనొచ్చేసరికి
దుకాణం ముందట బిందెలు.
నలభై రెండు. లెక్కబెట్టిన.
స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఒక పాత రాగిది,
అన్ని బోర్డు దిక్కే నోర్లు తెరుసుకొని.
ఒక్కలు గూడ తిట్టలే.
సైదమ్మ ఒక్కతే అన్నది:
"నీ అచ్చరం జూసి కూలికి పోలే, సారూ."

బట్ట తడుపుదామంటె నీళ్లు లేవు.
పొడిబట్టతోని తుడిసిన.
నాలుగింటికి అన్న మాట
ముక్కులకు పోయి దగ్గు తెప్పిచ్చింది.

మూడు రోజులు తేదీ ఒక్కటే రాసిన.
రక్తదానం పిలగాండ్లు వచ్చి అడిగిండ్రు,
సుద్ద అయిపోయింది అన్న.
డబ్బల కొత్తయి పన్నెండు ఉన్నయి.

నాలుగోనాడు సైదమ్మనే వచ్చింది,
చేతిల టిఫిన్ డబ్బా, కండ్లల్ల నిద్ర లేదు.
"రాయి సారూ. మా కోడలు కాన్పైంది.
పెద్ద దవాఖాన్ల. ఆడివిల్ల.
రెండు కిలోల తొమ్మిదొందలు."

నేను సుద్ద వట్టుకొని నిలబడ్డ.
నా రాత ఇంక ఎవరు నమ్ముతరు, సైదమ్మా?

"నీళ్లు నీ చేతిల లేకుండె.
పిల్ల మా చేతిలనే ఉన్నది గద.
రాయి."

రాసిన. కిలోలు గూడ రాసిన.
చదువు రాకున్నా ఆమె
పై నుంచి కిందికి జూసుకుంట వచ్చి
మూలకాడ ఆగింది. "గదేంది?"
ఎవనిదో ఎక్కం. తప్పు వోయింది.
"నీది గాదు గద," అని నవ్వి
దవాఖాన దిక్కు నడిసింది.

ఆ రాత్రి మిగిలినయన్ని తుడిసిన.
అదొక్కటి తుడువబుద్ధి గాలే.

తెల్లారి తుడిసిన.
జాగ కావాలె మరి,
బొట్టుగూడల మళ్ల పైపు పలిగింది.